ఇంటరాక్టివ్ మల్టీమీడియా బోధన: అరోరా అనాటమీ పాఠం

అక్షరం, బొమ్మ, ధ్వని, వీడియో, యానిమేషన్ వంటి వాటిని కంప్యూటర్‌లో కలిపి, విద్యార్థి చేసే పనిని బట్టి తెర మీద కనిపించేది మారేలా తయారుచేసిన బోధన సామగ్రిని ఇంటరాక్టివ్ మల్టీమీడియా అంటారు. ఈ నిర్వచనంలో బరువంతా చివరి మాట మీదే ఉంది. రికార్డు చేసిన వీడియో పాఠం మల్టీమీడియాయే కానీ ఇంటరాక్టివ్ కాదు. దాన్ని ఆపడం, వెనక్కి తిప్పడం చేతిలో ఉన్నంత మాత్రాన అది విద్యార్థికి బదులు చెప్పదు. విద్యార్థి ఒక నరాన్ని తొలగిస్తే దాని కింది కండరం బయటపడాలి, తీగను తప్పుగా కలిపితే బల్బు వెలగకూడదు. చేసిన పనికి ఫలితం కనపడినప్పుడే ఆ పేరు దానికి తగుతుంది. మన దగ్గర ప్రొజెక్టర్ బిగించిన ప్రతి గదినీ డిజిటల్ క్లాస్‌రూం అనేస్తున్నారు కాబట్టి ఈ తేడాను మొదటే చెప్పుకోవాలి.

ఈ తరహా బోధనకు కొలరాడో రాష్ట్రంలోని అరోరా నగరం చెప్పుకోదగిన ఉదాహరణ. అమెరికాలో అరోరా పేరుతో చాలా ఊళ్ళున్నాయి. తెలుగువాళ్ళకు ఎక్కువగా తెలిసింది బాలాజీ గుడి ఉన్న ఇల్లినాయ్ అరోరా. ఇది అది కాదు. డెన్వర్‌కు తూర్పున ఆనుకుని, 2020 జనగణన ప్రకారం 3,86,261 మంది ఉన్న ఈ అరోరా కొలరాడోలో మూడో పెద్ద నగరం. 1891లో ఫ్లెచర్ పేరుతో ఏర్పడి, 1907లో అరోరా అయింది. మనిషి శరీరాన్ని తల నుంచి పాదం దాకా పొరపొరగా ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించిన పరిశోధన బృందం ఇప్పుడు ఉన్నది ఈ ఊళ్ళోనే.

పూర్వరంగం

కంప్యూటర్‌తో పాఠం చెప్పే పెద్ద ప్రయత్నాల్లో మొదటిది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన ప్లేటో. డొనాల్డ్ బిట్జర్ నాయకత్వంలో నడిచిన ఈ వ్యవస్థ కోసమే 1964లో ప్లాస్మా తెరను కనిపెట్టారు. తర్వాత ఇళ్ళలో గోడలకెక్కిన ప్లాస్మా టీవీలకు మూలం ఒక పాఠశాల అవసరం అన్నమాట. 1972 నాటికి వచ్చిన ప్లేటో-4లో తెరను వేలితో తాకి జవాబు చెప్పే వీలుండేది. అదే దశాబ్దం చివర్లో ఎంఐటీ బృందం కొలరాడోలోని ఆస్పెన్ పట్టణపు వీధులన్నీ ఫొటోలు తీసి వీడియో డిస్క్‌లో పెట్టింది. చూసేవాళ్ళు తెర మీద ఎడమకో కుడికో తిరుగుతూ ఊరంతా చుట్టి రావచ్చు. 1990లలో సీడీ-రోమ్‌లు వచ్చాక వైద్య విద్యలోకి ఆడమ్ వంటి శరీర నిర్మాణ సాఫ్ట్‌వేర్లు ప్రవేశించాయి. అయితే వాటిలోని బొమ్మలు చిత్రకారులు గీసినవి. చిత్రకారుడు గీసిన గుండె పాఠ్యపుస్తకంలో ఉండవలసినట్టు ఉంటుంది. అసలు గుండె అలా ఉండదు. ఆ లోటును తీర్చింది కొలరాడో బృందం.

సైనిక ఆసుపత్రి నుంచి వైద్య విశ్వవిద్యాలయం

అరోరాలో ఇప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయపు అన్షుట్జ్ వైద్య ప్రాంగణం ఉన్న చోట మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో, సైనిక ఆసుపత్రి కట్టారు. ఆ యుద్ధంలో చనిపోయిన తొలి అమెరికన్ సైనిక వైద్యాధికారి విలియం ఫిట్జ్‌సైమన్స్ పేరును 1920లో దానికి పెట్టారు. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కోలుకున్నది ఈ ఆసుపత్రిలోనే. 1990ల చివర్లో సైన్యం దాన్ని మూసేశాక, డెన్వర్‌లో చోటు చాలక ఇరుకైపోయిన విశ్వవిద్యాలయ వైద్య విభాగాలు దశలవారీగా ఇక్కడికి తరలివచ్చాయి. వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ కళాశాలలు ఒకే ఆవరణలోకి చేరాయి. శరీర నిర్మాణ శాస్త్రవేత్త విక్టర్ స్పిట్జర్ బృందమూ వాటితోపాటే వచ్చింది. ఆ బృందం పేరు తెచ్చుకున్నది మాత్రం డెన్వర్‌లో ఉండగానే.

విజిబుల్ హ్యూమన్

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1980ల చివర్లోనే ఒక ఆలోచన చేసింది. పుస్తకాలు, పత్రికలు భద్రపరిచినట్టే మానవ శరీరపు చిత్రాలను కూడా డిజిటల్ రూపంలో ఒక గ్రంథాలయంలా భద్రపరచి, అందరికీ అందించాలన్నది దాని సారం. 1991లో ఆ పనిని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన స్పిట్జర్, డేవిడ్ విట్‌లాక్‌లకు అప్పగించారు. దీనికే విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్ అని పేరు.

పద్ధతి వినడానికి సులువు, చేయడానికి కఠినం. దానమిచ్చిన దేహానికి ముందు సీటీ, ఎంఆర్ఐ స్కానింగులు చేస్తారు. తర్వాత దాన్ని నీలిరంగు జెలటిన్‌లో అమర్చి గడ్డకట్టిస్తారు. శరీర కణజాలంలో ఆ నీలం ఉండదు కాబట్టి, శరీరం ఎక్కడ ముగిసి చుట్టూ ఉన్న జెలటిన్ ఎక్కడ మొదలైందో కంప్యూటర్ తేలిగ్గా గుర్తుపడుతుంది. ఆపైన క్రయోమాక్రోటోమ్ అనే యంత్రం ఆ దిమ్మె పైభాగాన్ని అతి సన్నగా చెక్కుతుంది. చెక్కిన ప్రతిసారీ కొత్తగా బయటపడ్డ తలాన్ని ఫొటో తీస్తారు. దేహాన్ని పలచని ముక్కలుగా కోసి దాచుకున్నారని చాలామంది అనుకుంటారు గానీ, అది నిజం కాదు. చెక్కిన పొర పొట్టయి రాలిపోతుంది. మిగిలేది ఫొటో ఒక్కటే. ఫొటో సరిగ్గా రాకపోతే మళ్ళీ తీయడానికి ఆ పొర ఉండదు. అందుకే ఇది ఏ దశలోనూ వెనక్కి వెళ్ళి సరిదిద్దుకోలేని పని.

1994 నవంబరులో పురుష దేహపు చిత్రాలు విడుదలయ్యాయి. మిల్లీమీటరుకు ఒక పొర చొప్పున 1,871 చిత్రాలు, మొత్తం సుమారు 15 గిగాబైట్లు. ఇప్పుడు ఫోనులో పట్టే పరిమాణమే అయినా, ఆనాటి ఇంటర్నెట్ మీద దాన్ని దించుకోవడానికి రోజులు పట్టేది. మరుసటి ఏడు స్త్రీ దేహపు చిత్రాలు వచ్చాయి. ఈసారి పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు, చిత్రాలు 5,189, పరిమాణం సుమారు 40 గిగాబైట్లు. ఈ తేడా అంకెల సరదా కాదు. పురుష చిత్రాల్లో ఒక్కో బిందువు వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు, కానీ లోతు పూర్తి మిల్లీమీటరు. అలాంటి వాటిని పేర్చి త్రిమితీయ రూపం కడితే పక్క నుంచి చూసినప్పుడు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. స్త్రీ చిత్రాల్లో పొడవు, వెడల్పు, లోతు మూడూ సమానం కావడంతో ఏ కోణంలో కోసి చూసినా బొమ్మ చెడదు. విద్యార్థి తనకు నచ్చిన దిక్కు నుంచి కోసే స్వేచ్ఛ ఇక్కడే పుట్టింది.

దేహాల సంగతి కూడా చెప్పాలి. పురుషుడు జోసెఫ్ పాల్ జెర్నిగన్. హత్య కేసులో మరణశిక్ష పడి 1993 ఆగస్టు 5న టెక్సాస్‌లో విషపు ఇంజెక్షన్‌తో చనిపోయాడు. వయసు 39. శాస్త్రానికి శరీరం ఇస్తానని సంతకం పెట్టాడు గానీ, తన దేహం ప్రపంచంలో ఎవరైనా చూడగల చిత్రాల గుట్టగా మారుతుందని అతనికి తెలిసే అవకాశం లేదు. మరణశిక్ష ఎదురుచూస్తున్న ఖైదీ ఇచ్చే అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారంగా లెక్కించవచ్చా అన్న ప్రశ్న వైద్య నీతి చర్చల్లో అప్పుడే లేచింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. స్త్రీ మేరీల్యాండ్‌కు చెందిన 59 ఏళ్ళ మహిళ. ఆమె పేరును బయటపెట్టలేదు. శాస్త్రపరంగా కూడా ఈ దేహాలు సంపూర్ణమైనవి కావు. జెర్నిగన్‌కు అపెండిక్స్ లేదు, ఒక వృషణం లేదు. స్త్రీ ముట్లుడిగిన వయసు దాటింది. ఒకే పురుషుడు, ఒకే స్త్రీ మానవజాతికంతటికీ నమూనా కాలేరని గుర్తించే, తర్వాత దక్షిణ కొరియా, చైనా తమ దేశస్థుల దేహాలతో ఇలాంటి చిత్రాలు సిద్ధం చేసుకున్నాయి.

సూసన్ పాటర్

అంగీకారం గురించిన ప్రశ్నకు అరోరాలో దొరికిన జవాబు పేరు సూసన్ పాటర్. జర్మనీలో పుట్టి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా వచ్చి, డెన్వర్‌లో స్థిరపడ్డ ఈమె 2000లో విజిబుల్ హ్యూమన్ గురించి చదివి, తన దేహాన్నీ తీసుకోమంటూ స్పిట్జర్‌ను వెతుక్కుంటూ వెళ్ళారు. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలు, మధుమేహం, వెన్నెముక ఆపరేషను, ఇంకా ఎన్నో. ఆరోగ్యవంతమైన దేహం కావాలనుకున్న బృందానికి ఇది కొత్త ఆలోచన. డాక్టర్లు రేపు చూడబోయేది జబ్బులున్న ముసలి శరీరాలనే కదా! ఏడాదికి మించి బతకనన్న మనిషి మరో పదిహేనేళ్ళు బతికారు. ఆ కాలమంతా వైద్య విద్యార్థులతో మాట్లాడారు, వాళ్ళతో తగువులాడారు, తన దేహాన్ని ఎక్కడ గడ్డకట్టిస్తారో, ఏ యంత్రంతో చెక్కుతారో అడిగి మరీ చూశారు. 2015లో 87వ ఏట కన్నుమూశారు. 2017లో ఆమె దేహాన్ని 63 మైక్రాన్ల మందంతో, అంటే తల వెంట్రుకంత మందంతో, సుమారు 27,000 పొరలుగా చెక్కి చిత్రించారు. జెర్నిగన్ చిత్రాల కంటే పొర దాదాపు పదహారు రెట్లు సన్నం. ఆమె గొంతు, ఆమె మాటలు కూడా ఏళ్ళ తరబడి రికార్డు చేసి ఉన్నాయి. దేహపు బొమ్మతోపాటు ఆ మనిషి కథ కూడా విద్యార్థికి వినిపించాలన్నది స్పిట్జర్ ఉద్దేశం. నేషనల్ జియోగ్రాఫిక్ ఏళ్ళపాటు ఆమె వెంట ఉండి చిత్రించి, 2018 చివర్లో ఈ కథను ప్రపంచానికి చెప్పింది.

బొమ్మలు పాఠమైన తీరు

వేల ఫొటోలు దొరకడంతో పాఠం తయారైపోదు. ఫొటోలో ఎర్రటి మచ్చ కండరమో ధమనో కంప్యూటర్‌కు తెలియదు. అనాటమీ తెలిసిన మనుషులు కూర్చుని, ప్రతి పొరలో ఏది ఏదో హద్దులు గీసి పేరు పెట్టాలి. విజిబుల్ హ్యూమన్ మీద పెట్టిన శ్రమలో ఎక్కువ భాగం చెక్కడానికి పట్టలేదు, ఈ పేర్లు పెట్టడానికి పట్టింది. స్పిట్జర్ అరోరాలో నెలకొల్పిన టచ్ ఆఫ్ లైఫ్ టెక్నాలజీస్ ఆ హద్దులు గీసిన చిత్రాలతో వీహెచ్ డిసెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. తెర మీద ఒక పక్క త్రిమితీయ శరీరం, మరో పక్క దాని అడ్డకోత. ఒకదానిలో కాలేయాన్ని తాకితే రెండోదానిలో అదే వెలుగుతుంది. చర్మం, కొవ్వు, కండరం ఒక్కొక్కటే తీసేయవచ్చు, తిరిగి పెట్టేయవచ్చు. తీసినదాన్ని తిరిగి పెట్టే సదుపాయం నిజం దేహంలో లేదు. అడ్డకోతకూ పూర్తి దేహానికీ ఉన్న ఈ జత ముఖ్యం. ఎందుకంటే రేపు ఆసుపత్రిలో ఆ విద్యార్థి చూడబోయే సీటీ, ఎంఆర్ఐ అన్నీ అడ్డకోతలే. ఇదే సంస్థ కీళ్ళ శస్త్రచికిత్స సాధన కోసం, పరికరాన్ని పట్టుకున్న చేతికి మృదులాస్థి గట్టిదనం తగిలేలా బలాన్ని తిప్పికొట్టే సిమ్యులేటర్ కూడా రూపొందించింది. మల్టీమీడియాలో కంటికీ చెవికీ తోడు స్పర్శ చేరింది.

మొదట్లో ఈ చిత్రాలు వాడుకోవడానికి ఉచితంగానే అయినా జాతీయ వైద్య గ్రంథాలయంతో లైసెన్సు ఒప్పందం చేసుకోవలసి వచ్చేది. 2019 నుంచి అదీ అక్కరలేదు. చుట్టూ నీలి జెలటిన్ ఉన్న ఆ అడ్డకోతలు అట్లాసుల్లో, రేడియేషన్ లెక్కల్లో, కృత్రిమ అవయవాల రూపకల్పనలో ఎక్కడెక్కడో తేలుతుంటాయి.

తెర గెలిచే చోటు, ఓడే చోటు

ఇంతకీ దీనివల్ల బాగా నేర్చుకుంటారా? జవాబు అవును అనీ కాదు అనీ రెండూ. ఈ రెండింటికీ మంచి ఆధారాలు ఉండటమే ఈ విషయంలో ఆసక్తికరం.

అవును అనే ఆధారం అరోరాకు సమీపంలోనే ఉన్న బౌల్డర్‌లో దొరుకుతుంది. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అక్కడి కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ సిమ్యులేషన్లు మొదలుపెట్టారు. వాటిలో ఒకటి విద్యుత్ వలయాలది. తీగలు, బ్యాటరీలు, బల్బులు తెర మీద కలుపుకోవచ్చు, ఎలక్ట్రాన్లు కదులుతుంటాయి. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కొంతమంది విద్యార్థులకు నిజమైన పరికరాలు ఇచ్చి, మరికొందరికి ఈ సిమ్యులేషన్ ఇచ్చారు. సిమ్యులేషన్ వాడినవాళ్ళు భావనల పరీక్షలో ముందున్నారు. తర్వాత నిజమైన తీగలు చేతికిస్తే, వాటితో వలయం కట్టడంలోనూ వాళ్ళే మెరుగు.

కాదు అనే ఆధారం అనాటమీలోనే ఉంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం నిజమైన దేహంతో నేర్చుకున్నవారిని, మల్టీమీడియాతో నేర్చుకున్నవారిని పోల్చింది. దేహంలో భాగాల్ని గుర్తుపట్టడంలోనూ, వాటి పనిని వివరించడంలోనూ దేహంతో నేర్చుకున్నవాళ్ళే మెరుగు. అంతకుముందు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మణికట్టు ఎముకల నమూనాను అన్ని కోణాల నుంచీ తిప్పి చూపిస్తే ఏమవుతుందో పరీక్షించారు. దిక్కులు, ఆకారాలు మనసులో ఊహించుకునే శక్తి తక్కువున్నవారికి ఆ తిప్పడం మేలు చేయకపోగా గందరగోళం తెచ్చింది. తిప్పే పని వాళ్ళ చేతికే ఇచ్చినప్పుడు పరిస్థితి మెరుగుపడింది.

ఈ రెండు వైపులనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. ఎలక్ట్రాను కంటికి కనిపించదు, ఎన్ని నిజమైన తీగలు కలిపినా కనిపించదు. కంటికి అందనిదాన్ని తెర అందించింది కాబట్టి అక్కడ గెలిచింది. దేహం అలా కాదు. కొవ్వు పొరలో నాడిని వెతకడం, ఒకరి ధమని మరొకరిలా లేకపోవడం, కండరపు గట్టిదనం, ఇవన్నీ చేతికి అందేవే. చేతికి అందేదాన్ని తీసేసి దాని బొమ్మ ఇస్తే తెర ఓడుతుంది. అడ్డకోతలు చదవడం వంటి వాటిలో, అంటే నిజమైన దేహం చూపలేని చోట, అదే అనాటమీలో తెర మళ్ళీ పనికొస్తుంది. ఏ పాఠానికైనా సాఫ్ట్‌వేర్ కొనేముందు అడగవలసిన ప్రశ్న ఇదే, ధర ఆ తర్వాత.

పాఠం కూర్చే తీరు గురించి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చాలా ప్రయోగాలు చేశారు. బొమ్మ చూపిస్తూ మాటతో వివరిస్తే బాగా ఎక్కుతుంది, అదే మాటను తెర మీద కూడా రాసి చదివితే మనసు చీలిపోతుంది. సంబంధం లేని సంగీతం, అలంకారాలు నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయి. మన కళాశాలల్లో స్లైడు మీద ఉన్నది ఉన్నట్టు చదివే అధ్యాపకులు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా చాలు. 1983లో రిచర్డ్ క్లార్క్ ఇంకా కటువుగా వాదించారు: మాధ్యమం దానంతట అది ఏమీ నేర్పదు, దానిలో పెట్టిన బోధన పద్ధతే నేర్పుతుంది అని. ఆ వాదం ఇంకా తెగలేదు.

ఆయుష్షు మరో సమస్య. కాగితం పుస్తకం వందేళ్ళు ఉంటుంది. 2020 చివర్లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను నిలిపివేసినప్పుడు దానిలో కట్టిన బోధన సామగ్రి ఎంతో ఒక్కసారిగా తెరుచుకోకుండా పోయింది. ఫెట్ బృందం ముందుచూపుతో తమవాటిని హెచ్‌టీఎంఎల్-5లోకి తిరగరాసుకుంది. విజిబుల్ హ్యూమన్ ముప్పై ఏళ్ళయినా నిలవడానికి కారణం దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌కూ కట్టేయకుండా ముడి చిత్రాలుగా అందరికీ ఇవ్వడమే.

తెలుగు నేలలో

తెలుగు పల్లెలకు తెర మీది పాఠం చాలా ముందే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నడిచిన సైట్ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి, తెలుగులో పాఠాలూ ఉన్నాయి. అందులో విద్యార్థి చేయగలిగింది చూడటమే. 2020 సెప్టెంబరు 1న కోవిడ్ వల్ల తెలంగాణ ప్రభుత్వం యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో మొదలుపెట్టిన పాఠాలూ ఆ కోవలోవే. ట్యూరింగ్ అవార్డు గ్రహీత రాజ్ రెడ్డి ఛాన్సలర్‌గా 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పల్లె పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, డిజిటల్ పాఠాల మీద చదువు నడపాలనుకున్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ళ ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. పరికరం అందరికీ చేరుతోంది. దానిలోని పాఠం పిల్లవాడి పనికి బదులు చెబుతోందా అన్నదే తేలాల్సింది.

మన వైద్య కళాశాలల్లో అనాటమీ ఇప్పటికీ డిసెక్షన్ హాల్, సీనియర్ దగ్గర కొన్న బోన్ సెట్, చౌరాసియా పుస్తకం, టేబుల్ వైవా చుట్టూనే తిరుగుతుంది. కొన్ని కళాశాలల్లో వర్చువల్ డిసెక్షన్ టేబుళ్ళు వచ్చాయి. 2019 నుంచి అమల్లోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరానికి ‘మృతదేహమే మన తొలి గురువు’ అన్న అర్థమొచ్చే ప్రత్యేక భాగం కూడా ఉంది. పైన చూసిన అధ్యయనాలను బట్టి ఆ ప్రాధాన్యం సరైనదే. టేబుల్ కొనుక్కున్న కళాశాల దేహాల సేకరణ తగ్గించుకుంటే అది పొరపాటు. తెరను అడ్డకోతలకు, స్కానులతో పోల్చుకోవడానికి, తీసినదాన్ని మళ్ళీ పెట్టి చూసుకునే పునశ్చరణకు వాడాలి. వెతికి పట్టుకునే పని దేహం మీదే జరగాలి.

ఆ దేహాలు దానం వల్లే వస్తాయి. సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న మరణించినప్పుడు, కుటుంబం ఆయన పార్థివదేహాన్ని బోధన, పరిశోధనల కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. శరీరదానం చేయదలచినవారు దగ్గరలోని వైద్య కళాశాల అనాటమీ విభాగంలో అంగీకార పత్రం రాసి ఇవ్వవచ్చు. అయితే చివరికి కబురు చేసి దేహాన్ని అప్పగించేది ఇంట్లోవాళ్ళే కాబట్టి, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పి ఒప్పించి ఉంచాలి.